విదేశీ హత్య కేసులు, వాళ్ల కోర్టులు, మన కోపాలు: కోనసీమలో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం కోర్టులో క్రిమినల్ కేసులు చూసే ప్లీడరుని నేను. టీవీలో ఏ దేశపు హత్య కేసు వచ్చినా మర్నాడు పొద్దున్న కోర్టు ఎదుట టీకొట్టు దగ్గర నాకు క్రాస్ ఎగ్జామినేషన్ మొదలవుతుంది. గుమస్తాలు, వాయిదాకొచ్చిన కక్షిదారులు, కువైట్‌లో కూతురున్న తల్లులు, డల్లాస్‌లో కొడుకున్న రిటైర్డ్ మాస్టార్లు అందరూ అడుగుతారు. ఎక్కువగా అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాశాను. మీవాళ్ల మీద నిజంగానే కేసుంటే ఇది చదివి ఊరుకోకండి, ఆ దేశంలో లైసెన్సున్న వకీలును పెట్టుకోండి.

ఇటలీలో ఆ అమెరికా అమ్మాయిని దోషి అన్నారు, కాదన్నారు, మళ్లీ దోషి అన్నారు, మళ్లీ కాదన్నారు. ఇదేం కోర్టండీ?

అమాండా నాక్స్ కేసు అది. పెరూజా అనే ఊళ్లో చదువుకోడానికి వచ్చిన బ్రిటిష్ విద్యార్థిని మెరెడిత్ కెర్చర్ 2007 నవంబరు 1 రాత్రి తన గదిలో హత్యకు గురైంది. అదే ఇంట్లో ఉంటున్న నాక్స్‌ను, ఆమె స్నేహితుడైన ఇటలీ కుర్రాణ్ణి పోలీసులు కొద్దిరోజుల్లోనే అరెస్టు చేశారు. 2009 డిసెంబరులో ఆమెకు 26 ఏళ్లు, అతనికి 25 ఏళ్లు శిక్ష పడింది. 2011 అక్టోబరులో అప్పీలు కోర్టు ఇద్దర్నీ వదిలేసింది, ఆమె వెంటనే అమెరికా వెళ్లిపోయింది. 2013 మార్చిలో రోములోని అత్యున్నత కోర్టు ఆ విడుదలను రద్దుచేసి మళ్లీ వినమంది. 2014 జనవరిలో ఫ్లోరెన్స్ కోర్టు మళ్లీ దోషులంది. 2015 మార్చి 27న అత్యున్నత కోర్టే కేసు కొట్టేసింది. మూడో ముద్దాయి ఒకడున్నాడు, రూడీ గుడే. అతను 2008లోనే త్వరగా ముగిసే విచారణ కోరుకున్నాడు. ముందు 30 ఏళ్లు వేశారు, అప్పీలులో 16కి తగ్గించారు, 2021లో బయటికొచ్చాడు.

ఇటలీలో కింది కోర్టు తీర్పంటే మొదటి మెట్టు మాత్రమే. పై రెండు మెట్లూ దాటేదాకా అక్కడి చట్టం దాన్ని ఖాయమైన తీర్పుగా లెక్కపెట్టదు. శిక్ష పడితే ముద్దాయి, వదిలేస్తే ప్రాసిక్యూటరు, ఎవరైనా పైకి వెళ్లొచ్చు. అమెరికాలో అలా కుదరదు. జూరీ నిర్దోషి అంటే ఆ క్షణంతో సరి, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లడానికి వీల్లేదు. అందుకే అమెరికా జనానికి 2013 నాటి ఉత్తర్వు ఘోరమైన అన్యాయంలా కనిపించింది.

మనవాళ్లు కూడా "ఛీ, అదేం కోర్టు" అన్నప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. మన పద్ధతి ఇటలీకే దగ్గర. సెషన్స్ కోర్టు కేసు కొట్టేస్తే ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లొచ్చు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 419వ సెక్షను. హైకోర్టు శిక్ష వేస్తే ముద్దాయి సుప్రీంకోర్టుకు వెళ్తాడు, అక్కడ మళ్లీ కొట్టేయొచ్చు. ఇలాంటి కేసులు మన రాష్ట్రంలోనే ఎన్నో చూశాం. అమెరికా టీవీలు వాటి మొహం చూడలేదు, అంతే.

రాజ్యాంగంలో ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదని ఉంది కదా?

ఉంది, 20వ అధికరణం రెండో క్లాజు. అప్పీలు మాత్రం రెండో విచారణ కింద రాదు, మొదటి కేసుకు కొనసాగింపే.

పన్నెండుమంది మామూలు జనం కూర్చుని తీర్పు చెప్తారట. చట్టం చదవనివాళ్లకి ఏం తెలుస్తుందండీ?

అమెరికాలో హత్య కేసు జూరీలో మామూలుగా పన్నెండుమంది ఉంటారు, అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఎందుకలా తీర్పిచ్చారో రాయక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఇటలీలో హత్య కేసు వినే బెంచిలో ఇద్దరు జడ్జీలు, ఆరుగురు పౌరులు కలిసి కూర్చుంటారు, మెజారిటీతో తేలుస్తారు. తర్వాత కారణాలన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలి, అవి ఒక్కోసారి వందల పేజీలుంటాయి. మనకి ఒక్క సెషన్స్ జడ్జి, రాసిన తీర్పు. ఈ మూడింట్లో నాకు రాసిన తీర్పే ఇష్టం. తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. నా వృత్తి అది గనక అలా అనిపిస్తుందేమో.

జూరీ మనకీ ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి అనే నేవీ అధికారి తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపాడు. అప్పుడు జనం వెర్రెత్తిపోయారు. బ్లిట్జ్ పత్రిక అతణ్ణి వీరుణ్ణి చేసింది, వీధుల్లో నానావతి పేరుతో బొమ్మ రివాల్వర్లు అమ్మారు. జూరీలో తొమ్మిదిమందికి ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. జడ్జి ఆ మాట ఒప్పుకోలేక కేసును హైకోర్టుకు పంపాడు, హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1964లో గవర్నరు విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష పెట్టారు. జూరీ వద్దని లా కమిషన్ 1958లోనే చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అది పూర్తిగా పోయింది.

హత్య అంటే ఎక్కడైనా హత్యే కదా. ఒక్కో దేశానికి ఒక్కో పద్ధతి ఎందుకండీ?

దూరం పోనక్కర్లేదు, యానాం చూడండి. 1954 దాకా ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే ఫ్రెంచివాళ్ల చట్టం. ఈ ఒడ్డున ఇంగ్లీషువాళ్ల చట్టం. భాష ఒకటే, చుట్టరికాలు ఒకటే, గోదారి ఒకటే. బాల్యవివాహాలను ఆపడానికి ఇటువైపు 1929లో శారదా చట్టం వస్తే మనవాళ్లు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చారు. ఆ ఊరికి కళ్యాణపురం అని పేరే పడింది. తమకు అనుకూలమైన చట్టం పక్క ఒడ్డున ఉంటే మన తాతలకు అదేమీ వింతగా తోచలేదు!

హత్య కేసులో ప్రతి దేశం కొన్ని ప్రశ్నలకు ముందే జవాబు ఎంచుకుని పెట్టుకుంటుంది. దర్యాప్తు పోలీసు నడపాలా, జడ్జి నడపాలా? ముద్దాయి పోలీసుకి చెప్పింది సాక్ష్యంగా తీసుకోవాలా? క్షమించే హక్కు రాజ్యానిదా, చనిపోయినవాడి కుటుంబానిదా? తీర్పు ఎక్కడ ఆగిపోవాలి? మన కోపం చాలాసార్లు ఎక్కడ పుడుతుందంటే, మన ప్రశ్నకు వాళ్ల కోర్టు జవాబు చెప్పాలని అనుకున్నప్పుడు.

అయితే అమెరికావాళ్లు ఇటలీని తిట్టడం తప్పేనా?

కొంత సబబు, కొంత గోల. 2009లో శిక్ష పడగానే నాక్స్ సొంత రాష్ట్రం వాషింగ్టన్ సెనేటరు మరియా కాంట్‌వెల్ ఇటలీ న్యాయవ్యవస్థ మీద బాహాటంగా అనుమానాలు వెలిబుచ్చారు. అమెరికా టీవీల్లో ఆమె అమాయకపు పిల్ల. బ్రిటన్ టాబ్లాయిడ్లలో ఆమె జిత్తులమారి. 2011లో వదిలేసిన రాత్రి పెరూజా కోర్టు బయట జనం "సిగ్గు, సిగ్గు" అని అరిచారు. ఒకే కేసు, ఒకే కాగితాలు, మూడు దేశాల్లో మూడు తీర్పులు.

డీఎన్ఏ ఆనవాళ్లు సేకరించిన తీరు బాగాలేదని కోర్టు నియమించిన నిపుణులే 2011 అప్పీలులో చెప్పారు. కాబట్టి ఆ విమర్శలో పస ఉంది. మధ్యయుగాల కోర్టు అని ఎగతాళి చేయడంలో మాత్రం ఏమీ లేదు. ఇటలీలో మరణశిక్షే లేదు, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది. ఇక నాకు బాధ కలిగించేది ఇంకొకటి. నాక్స్ పేరు మన టీకొట్టు దగ్గర కూడా తెలుసు. చనిపోయిన పిల్ల పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు.

మన దేశంలో విదేశీయుల మీద హత్య కేసు నడిస్తే వాళ్లు మనల్ని ఏమన్నారు?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, అడిగినవాళ్లు ఎక్కువగా అంతర్వేది వైపు వేటకు వెళ్లేవాళ్లు. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దూరంగా సెయింట్ ఆంటొనీ అనే బోటు మీద ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఓడ నుంచి కాల్పులు జరిగాయి. ఇద్దరు జాలర్లు చనిపోయారు. సముద్రపు దొంగలనుకున్నామని ఓడలోని ఇద్దరు ఇటలీ నావిక సైనికులు చెప్పారు. మన పోలీసులు అరెస్టు చేశారు.

ఇక్కడ మనం "తెల్లవాళ్లని వదలొద్దు" అన్నాం. అక్కడ ఇటలీ జనం "మా సైనికుల్ని బందీల్లా పట్టుకున్నారు, ఏళ్లు గడిచినా అభియోగాలే ఖరారు చెయ్యరు, ఇదేం దేశం" అన్నారు. 2013లో ఓట్లు వేసొస్తామని ఇద్దరూ కోర్టు అనుమతితో ఇటలీ వెళ్లారు, తిరిగి పంపబోమని ఇటలీ ప్రకటించింది. మన సుప్రీంకోర్టు ఇటలీ రాయబారిని దేశం దాటొద్దంది. చివరికి వాళ్లని వెనక్కి పంపారు, అందుకు నిరసనగా ఇటలీ విదేశాంగ మంత్రి రాజీనామా చేశాడు. కేసు మాత్రం విచారణ దాకా రానేలేదు. నేషనల్ ఇన్వెస్టిగేషన్ ఏజెన్సీ, కేరళ పోలీసులు, ఏ కోర్టు, ఏ చట్టం అన్న దగ్గరే ఏళ్లు గడిచాయి. 2020లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ ఆ సైనికుల్ని విచారించే అధికారం ఇటలీదని, ఇండియాకు నష్టపరిహారం రావాలని చెప్పింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 10 కోట్ల రూపాయల పరిహారం జమయ్యాక కేసు ముగించింది. జాలర్ల కుటుంబాలకు నాలుగేసి కోట్లు, బోటు యజమానికి రెండు కోట్లు. 2022 జనవరిలో రోము జడ్జి అక్కడి కేసు కూడా మూసేశాడు.

ఆలస్యం గురించి ఇటలీ జనం అన్న మాట నేను కాదనలేను. మన కోర్టుల్లో హత్య కేసు తీర్పు దాకా వచ్చేసరికి ముద్దాయి పసిపిల్లలు పెళ్లీడుకొచ్చిన సందర్భాలున్నాయి. ఆ మాట విదేశీయుడు అంటే మాత్రం మనకి ఒళ్లు మండుతుంది.

అమెరికాలో మన తెలుగు ఇంజనీరుని కాల్చినవాణ్ణి ఎందుకు ఉరితీయలేదు?

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో శ్రీనివాస్ కూచిభొట్లను బార్‌లో కాల్చి చంపిన కేసు. ఆ రోజు అడ్డుపడబోయిన అమెరికన్ యువకుడికి కూడా తూటా తగిలింది, అది మనవాళ్లు మర్చిపోకూడదు. నేరస్థుడు 2018 మార్చిలో నేరం ఒప్పుకున్నాడు, మే నెలలో యావజ్జీవం పడింది, 50 ఏళ్లదాకా పెరోల్ అడగడానికి కూడా వీల్లేదు. నేరం ఒప్పుకునేనాటికే అతనికి యాభై దాటింది. జాతి విద్వేషం కింద ఫెడరల్ ప్రభుత్వం వేరే కేసు పెట్టి 2018 ఆగస్టులో మళ్లీ యావజ్జీవం వేయించింది. రాష్ట్రం, కేంద్రం రెండూ వేరువేరుగా కేసు పెట్టడం అక్కడ చెల్లుతుంది.

విచారణ లేకుండా అయిపోయిందేమిటని చాలామంది అడిగారు. అమెరికాలో శిక్ష పడే కేసుల్లో నూటికి తొంభైకి పైగా ఇలా ఒప్పుకోలుతోనే ముగుస్తాయి. టీవీలో చూసే జూరీ నాటకమంతా మిగిలిన కొద్ది కేసుల్లోదే. మనకీ 2006 నుంచి ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే పద్ధతి, ఉంది గానీ ఏడేళ్లు దాటి శిక్ష పడే నేరాలకు వర్తించదు, హత్యకు అసలే కాదు. ఉరి సంగతంటారా, కాన్సాస్ చట్టంలో మరణశిక్ష ఉన్నా 1965 తర్వాత ఒక్కరినీ చంపలేదు.

పెన్సిల్వేనియాలో పసిపాపనీ నాయనమ్మనీ చంపిన తెలుగువాడికి ఉరి పడిందన్నారు. ఏమైంది?

2012 నాటి నేరం, 2014లో జూరీ మరణశిక్ష వేసింది. 2015లో అక్కడి గవర్నరు మరణశిక్షల అమలు నిలిపేశారు. ఆ రాష్ట్రంలో చివరిసారి అమలైంది 1999లో. ఈ కేసులో చనిపోయినవాళ్లూ మనవాళ్లే, చంపినవాడూ మనవాడే, కాబట్టి టీకొట్టు దగ్గర ఎవరూ అమెరికా కోర్టుని తిట్టలేదు. "వెంటనే వేలాడదీయాలి" అన్నారు. గల్ఫ్‌లో మనవాడు ముద్దాయి అయినప్పుడు "పాపం, భాష రాక ఇరుక్కున్నాడు" అన్నవాళ్లే వాళ్లు.

గల్ఫ్‌లో డబ్బులు కడితే హత్య కేసు పోతుందట. నిజమేనా?

సగం నిజం. మన ప్రాంతానికి ఎక్కువ అవసరమైన ప్రశ్న ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

సౌదీ, ఎమిరేట్స్, యెమెన్ లాంటి చోట్ల ఇస్లామిక్ చట్టం ప్రకారం ఉద్దేశపూర్వక హత్యలో ప్రాణానికి ప్రాణం అడిగే హక్కు చనిపోయినవాడి వారసులది. దాన్ని ఖిసాస్ అంటారు. వారసులు ఊరికే క్షమించవచ్చు. లేదా దియా, అంటే పరిహారపు డబ్బు, తీసుకుని క్షమించవచ్చు. వద్దు, శిక్షే కావాలనీ అనవచ్చు. హత్య కేసులో వారసులు ఎంతైనా అడగొచ్చు. వారసుల్లో పసిపిల్లలుంటే వాళ్లకి యుక్తవయసు వచ్చేదాకా ఆగిన కేసులున్నాయి.

మనవాళ్లకి తెలియని రెండో సగం ఏమిటంటే, కుటుంబానికి హక్కు ఉన్నట్టే ప్రజలకూ ఒక హక్కుంది. కుటుంబం క్షమించినా కోర్టు ప్రజాహక్కు కింద జైలుశిక్ష వేయొచ్చు. కోళికోడ్‌కు చెందిన ఒక డ్రైవరు కేసు ఇలాంటిదే. సౌదీలో 2006లో అతని సంరక్షణలో ఉన్న దివ్యాంగ బాలుడు చనిపోయాడు. మరణశిక్ష పడింది. కుటుంబం కోటీ యాభై లక్షల రియాళ్లు అడిగింది, 2024లో కేరళ జనం దాదాపు 34 కోట్ల రూపాయలు పోగుచేశారు. మరణశిక్ష రద్దయింది. ఆ తర్వాత ప్రజాహక్కు కింద 20 ఏళ్ల జైలు ఖరారైంది, అప్పటికే గడిపిన కాలం అందులో కలిపారు. డబ్బు కట్టిన మర్నాడే విమానం ఎక్కిస్తారనుకుంటే పొరపాటు.

యాక్సిడెంటులో మనిషి పోతే వేరే లెక్క. ఎమిరేట్స్‌లో పొరపాటున జరిగిన మరణానికి చాలాకాలంగా దియా 2 లక్షల దిర్హాములు, బండికి ఇన్సూరెన్సు ఉంటే కంపెనీ కడుతుంది. మన డ్రైవర్లకి హత్య కేసుకన్నా ఇదే ఎక్కువ తగులుతుంది. అందుకే బండి ఎక్కేముందు ఇన్సూరెన్సు కాగితం చూపించమని కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న యజమానిని, అడగండి, మొహమాటపడొద్దు.

కువైట్‌లో నేరచట్టం వేరే తరహాలో ఉంటుంది. అక్కడ ఉరిశిక్ష అమలవుతుంది, అమలుకు ముందు అమీర్ ఆమోదం కావాలి.

ప్రాణానికి ధర కట్టడం అనాగరికం కాదండీ?

పైన ఇటలీ నావికుల కేసు మళ్లీ చదవండి. 10 కోట్లు జమయ్యాక ముగిసిన కేసది.

మన చట్టంలో హత్య రాజీ పడే నేరం కాదు. చనిపోయినవాడి తల్లి క్షమించినా కేసు ఆగదు, ఎందుకంటే ఫిర్యాది రాజ్యం. కాగితం మీద మాట అది. ఊళ్లో జరిగేది మీకూ తెలుసు, నాకూ తెలుసు. పెద్దమనుషులు ఇరువర్గాల్నీ కూర్చోబెడతారు, చేతులు మారాల్సింది మారుతుంది, కోర్టులో ప్రధాన సాక్షి బోనెక్కి "నేను చూడలేదండి, చీకటిగా ఉందండి" అంటాడు. పబ్లిక్ ప్రాసిక్యూటరు గారు అతణ్ణి హోస్టైల్, అంటే ఎదురుతిరిగిన సాక్షి, అని డిక్లేర్ చేస్తారు. కేసు పోతుంది. గల్ఫ్‌లో అదే పని జడ్జి ముందు, రసీదుతో, వారసులందరి సంతకాలతో జరుగుతుంది. ఏది నాగరికమో నేను చెప్పను గానీ, ఏది ఎక్కువ బాహాటంగా జరుగుతోందో మాత్రం స్పష్టమే. పేదవాడు ముద్దాయి అయితే అక్కడా ఇక్కడా నష్టపోయేది అతనే, అదొక్కటి మారదు.

టీవీల్లో గోల చేస్తే, వాట్సాప్‌లో తిప్పితే మనవాడు బయటపడతాడా?

డబ్బు పోగవడానికి పనికొస్తుంది. క్షమాపణ రావడానికి చాలాసార్లు అడ్డుపడుతుంది. కేరళ నర్సు నిమిష ప్రియ కేసు గుర్తుందా? యెమెన్‌లో 2017 నాటి హత్యకు మరణశిక్ష పడింది, 2025 జులై 16న అమలు చేస్తామని తేదీ పెట్టి చివరి నిమిషంలో వాయిదా వేశారు. ఇక్కడి మీడియా ఆమెనే బాధితురాలిగా, చనిపోయినవాణ్ణి దుర్మార్గుడిగా చూపిస్తోందని ఆ మృతుడి అన్నదమ్ములు మండిపడ్డారు, క్షమించేది లేదని బహిరంగంగా చెప్పారు. నిజం ఎలా ఉన్నా సరే, క్షమించాల్సినవాళ్ల ఫోన్లలోకి మన వీడియోలు అనువాదమై వెళ్తాయి. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు అవి చూసి ఏమంటాడో ఊహించడం కష్టమా?

సిరిసిల్ల కార్మికుల కేసు ఇంకో రకం. దుబాయ్‌లో నేపాల్‌కు చెందిన వాచ్‌మన్ హత్య కేసులో వాళ్లు ఇరుక్కున్నారు. కేటీఆర్ 2011లో నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబాన్ని కలిసి 15 లక్షల రూపాయలు అందించారు. ఆ కుటుంబం క్షమాపణ పత్రం ఇచ్చింది. అయినా అందులో ఐదుగురు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో, 18 ఏళ్ల తర్వాత. గుమ్మం దగ్గరికి వెళ్లి తలవంచి అడిగితే కుటుంబం ఒప్పుకుంది. కోర్టులు, కాగితాలు మాత్రం వాటి టైము అవి తీసుకున్నాయి.

పోలీసులు కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే మావాడు పెట్టేశాడు. కొట్టి పెట్టించారని తర్వాత చెప్పొచ్చు కదా?

ఇక్కడి అలవాటుతో అడుగుతున్నారు. మన సాక్ష్య చట్టంలో పోలీసుకి చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఇంగ్లీషువాడు 1872లో పెట్టిన 25వ సెక్షను ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను. తన పోలీసుల మీద ఇంగ్లీషువాడికి ఎంత నమ్మకమో దాన్నిబట్టే తెలుస్తుంది. ఇతర దేశాల్లో ఈ రక్షణ ఉంటుందనుకోవద్దు. గల్ఫ్‌లో ఒప్పుకోలు చాలా బలమైన సాక్ష్యం. అమెరికాలో కూడా నోరు మూసుకునే హక్కు ఉందని ముందు చెప్తారు, ఆ తర్వాత నోరు తెరిస్తే అంతా రికార్డే.

నాక్స్ కేసులో కూడా ముప్పు తెచ్చింది సంతకమే. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఇటాలియన్‌లో, రాత్రంతా ప్రశ్నించాక, వకీలు లేకుండా ఆమె సంతకం పెట్టిన వాంగ్మూలంలో తను పనిచేసే బారు యజమాని పేరు చెప్పింది. అతను రెండు వారాలు జైల్లో ఉన్నాడు, ఏ సంబంధం లేదని తేలి బయటికొచ్చాడు. ఆమెకు వకీలును ఇవ్వకపోవడం, దుబాసీ సరిగా వ్యవహరించకపోవడం తప్పని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2019లో ఇటలీని తప్పుపట్టింది. అయినా ఆ అబద్ధపు ఆరోపణకు పడిన శిక్షను ఇటలీ అత్యున్నత కోర్టు 2025 జనవరిలో మళ్లీ ఖాయం చేసింది. హత్య కేసు కొట్టేసిన పదేళ్లకు కూడా ఆ ఆరోపణ ఆమెను వదల్లేదు.

కాబట్టి విమానం ఎక్కే పిల్లలకి ఆవకాయ జాడీతో పాటు ఒక మాట కూడా కట్టివ్వండి: చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు, దుబాసీని, ఎంబసీని అడుగు.

ఎంబసీ వాళ్లు ఏం చేస్తారు, ఏం చెయ్యరు?

1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని ఎంబసీకి ఆలస్యం చేయకుండా తెలియజేయాలి. ఎంబసీ అధికారులు జైలుకు వెళ్లి చూడొచ్చు, వకీలును ఏర్పాటు చేయొచ్చు. ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి కొన్ని కేసులకు లాయరు ఖర్చు ఇస్తారు. మీరు ఇంట్లో కూర్చుని మన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి దాని నంబరు దాచుకోండి. పాస్‌పోర్టు కాపీ, అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) లేదా సివిల్ ఐడీ కాపీ, కఫీల్ ఫోను నంబరు దగ్గర పెట్టుకోండి. పాలకొల్లు, నరసాపురం, రాజోలు ఎక్కడ చూసినా ఇంటికొక్కరు గల్ఫ్‌లో ఉన్నారు గానీ, అవసరం వచ్చినప్పుడు పాస్‌పోర్టు నంబరు చెప్పగలిగే ఇల్లు ఒక్కటీ కనపడదు.

తీర్పు మార్చమని అడగడానికి ఎంబసీకి వీల్లేదు. ఎమ్మెల్యే గారి లెటరు తీసుకెళ్తే అక్కడి జడ్జి చదవడు. శిక్ష పడ్డాక మిగిలిన కాలం మన జైల్లో గడపడానికి 2003 నాటి ఖైదీల తరలింపు చట్టం ఉంది. ఆయా దేశాలతో విడిగా ఒప్పందం ఉండాలి. ఎమిరేట్స్, కువైట్, ఇటలీలతో ఉన్నాయి. మరణశిక్ష పడినవాళ్లకి మాత్రం అది వర్తించదు.

అక్కడ ఏదో జరిగి ఇక్కడికి వచ్చేస్తే తప్పించుకున్నట్టేనా?

కాదు. భారత పౌరుడు ప్రపంచంలో ఎక్కడ హత్య చేసినా ఇక్కడ విచారించవచ్చు. నాగరిక్ సురక్షా సంహిత 208వ సెక్షను. అతను దొరికిన చోటే కేసు నడపొచ్చు, అంటే అమలాపురంలో దొరికితే ఇక్కడే. విచారణకు కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. సాక్షులు పరాయి దేశంలో ఉంటారు కాబట్టి అక్కడ రికార్డు చేసిన వాంగ్మూలాలను ఇక్కడ సాక్ష్యంగా తీసుకోవడానికి 209వ సెక్షను ఉంది. అలాంటి కేసులో మీవాడు ముద్దాయి అయితే పాస్‌పోర్టు దాచిపెట్టకుండా, ఏజెంటు మాట వినకుండా, ముందు వకీలు దగ్గరికి తీసుకురండి. మధ్యాహ్నం రెండు దాటాక అయితే కోర్టు హడావుడి కాస్త తగ్గుతుంది.